పొయ్యి ఎక్కని గుజ్జు

దసరా వచ్చిందంటే పాలమూరు రోడ్ల మీద సీతాఫలాల గంపలు దిగుతాయి. మన బాలానగర్ పేరు మీద ఒక రకమే ఉంది, దేశమంతా పండిస్తారు. నాకు మాత్రం గుట్టల్లో కాసిన కాయే ఇష్టం.

గుజ్జు తీయాలంటే ఆపిల్‌నైతే ఉడికించి మెదపొచ్చు. సీతాఫలం వేడి తగిలితే చేదెక్కుతుంది. అందుకే కండ్లు విచ్చిన కాయలు తెచ్చి, మాగేసి, మెత్తబడ్డాక గుజ్జును పెద్ద కన్నాల జల్లెడలో వేసి వేళ్లతో నిమురుతాను. తెల్లటి గుజ్జు కిందికి జారుతుంది, నల్లటి గింజలు పైన మెరుస్తూ మిగులుతాయి. మిక్సీలో వేయొద్దు. గింజ నలిగితే విషం, దాని పొడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. గాలి తగిలితే గుజ్జు రంగు మారుతుంది, వెంటనే డబ్బాకెత్తి ఫ్రీజర్‌లో పెట్టాలి. ఎండాకాలం చల్లటి పాలల్లో కలిపి పిల్లలకు ఇస్తాను. చక్కెర అక్కర్లేదు.