రెండోసారి వచ్చేవాళ్లు కావాలి

హైదరాబాద్ శివార్లలో పెయింట్‌బాల్ గ్రౌండ్ నడుపుతున్నాను. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది టీమ్ ఔటింగ్‌కి బయల్దేరిన ఐటీ ఉద్యోగులే. గంటసేపు ఆడి, రంగు మరకల జాకెట్లతో ఫొటోలు దిగి, బిర్యానీ తిని బస్సెక్కుతారు. మా జీతాలు వాళ్లవల్లే వస్తున్నాయి. కానీ ఆట నిలవాలంటే సొంత డబ్బు పెట్టుకుని రెండోసారి వచ్చేవాళ్లు ఉండాలి.

ఎందుకు రారో మాస్కులు వెనక్కి తీసుకునేటప్పుడే తెలిసిపోతుంది. "అన్నా, ఇంత గట్టిగా తగులుతుందనుకోలేదు" అంటూ కమిలిన మోచెయ్యి చూపిస్తారు. మామూలు బాల్ 0.68 అంగుళాలు, బరువు దాదాపు 3 గ్రాములు. సెకనుకు 280 అడుగుల వేగంతో వచ్చి తగిలితే నొప్పెట్టదా మరి! 0.50 అంగుళాల బాల్ బరువు అందులో సగం కూడా ఉండదు, దెబ్బా అంతే తగ్గుతుంది. అది తెప్పించాక పిల్లల పుట్టినరోజు బుకింగులు మొదలయ్యాయి, తల్లులూ మాస్కులు అడిగి దిగుతున్నారు. ఈ ఆట పెరిగేది ఆ చిన్న బాల్‌తోనే అని నా గట్టి నమ్మకం.

కుర్రాళ్లు ఒప్పుకోరు, దెబ్బ గట్టిగా ఉంటేనే మజా అంటారు. వాళ్లకు మొదటి ఆట సంగతి చెబుతాను. 1981లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ అడవిలో 12 మంది, చెట్లకు గుర్తులు వేసే రంగు తుపాకులతో ఆడారు. అడవిలో ఉంచిన జెండాలన్నీ తెచ్చి గెలిచిన రిచీ వైట్ ఒక్క షాటూ కొట్టలేదట.

మా పనిలో సగం తేమతో పోరాటమే. బాల్ పైతొక్క మందుల క్యాప్సూల్‌లా జెలటిన్‌దే. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని డబ్బాలో తెల్లారేసరికి ఉబ్బి, బారెల్‌లోనే పగిలిపోతుంది. ఇక మాస్కు గ్లాసుకి ఆవిరి పడితే తుడుచుకోవాలని పైకెత్తుతారు. ఆటలో అంతకు మించిన ప్రమాదం లేదు, కన్ను పోతుంది. ఎవరి చెయ్యి మాస్కు మీదికి వెళ్లినా విజిల్ వేసి ఆట ఆపించేస్తాను. అందుకే ఆవిరి తక్కువ పట్టే రెండు పొరల గ్లాసులకు మారాం. ఖర్చే, అయినా తప్పదు.

ఆటగాడికి అసలు భారం బాల్స్ ఖరీదు. డబ్బున్నవాడు ఎడాపెడా కాలుస్తుంటే, లేనివాడు బంకర్ వెనకే కూర్చుండిపోతాడు. అందుకని ఆదివారం పొద్దున ఆటల్లో అందరికీ సమానంగా, లెక్కపెట్టి బాల్స్ ఇస్తున్నాను. అప్పటినుంచి కాలేజీ పిల్లలు కొందరు వారం వారం వస్తున్నారు. ఎవరు ఏ బంకర్ పట్టుకోవాలో ముందురోజే కాగితం మీద గీసుకుని మరీ వస్తున్నారు.