ఊపిరికీ ఒక కొలత వుంది

వెంటిలేటర్‌తో ఎంత గట్టిగా గాలి కొడితే రోగి అంత త్వరగా కోలుకుంటాడనే అపోహ మనలో చాలామందికి వుంది. పాతికేళ్ళకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా వున్న నన్ను రోగుల బంధువులు తరచు అడిగే ప్రశ్న కూడా యిదే: "ఇంకాస్త పెంచకూడదా, డాక్టరుగారూ?"

ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ వెళ్ళే లారీల టైర్లకు గాలి కొట్టటం మీరు చూసేవుంటారు. స్కూటర్ చక్రానికైనా ఇరవై, ముప్ఫై పౌన్ల గాలి కావాలి. మరి మన ఊపిరితిత్తుల సంగతి? లోపలికి వెళ్ళిన గాలి క్షణంపాటు నిలిచినప్పుడు కొలిచే ఒత్తిడి సాధారణంగా 30 సెంటీమీటర్ల నీటిమట్టాన్ని దాటకూడదు. పౌన్లలో చెప్పాలంటే అది అర పౌను కూడా కాదు!

తీవ్రమైన న్యుమోనియాలో ఊపిరితిత్తుల గాలిగదులు చాలావరకు నీరు నిండి మూసుకుపోతాయి. బాగున్నవి కొన్నే మిగులుతాయి. బలవంతంగా గాలి కొడితే అదంతా ఆ కొద్ది గదుల్లోకే పోయి వాటినీ చెడగొడుతుంది. 2000లో అమెరికాలో వెలువడిన పరిశోధన యీ సంగతిని తేల్చింది. అందులో 861 మంది రోగులున్నారు. కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఇచ్చినవారిలో నూటికి దాదాపు 40 మంది మరణించగా, 6 చొప్పున ఇచ్చినవారిలో 31 మందే మరణించారు.

ఇక్కడ కిలో అంటే తూకం బరువు కాదు, ఎత్తునుబట్టి లెక్కగట్టిన బరువు. మనిషి లావెక్కితే ఊపిరితిత్తులు పెరగవు కదా! 165 సెంటీమీటర్ల పురుషుడికి లెక్క 61 కిలోల పైచిలుకు. అంటే ఒక్కో ఊపిరికి సుమారు 370 మిల్లీలీటర్లు.

రెండవ అంకె 'పీప్'. ఊపిరి వదిలాక కూడా గాలిగదులు ముడుచుకుపోకుండా నిలిపే ఒత్తిడి యిది. 2021 వేసవిలో, కరోనా రెండవసారి విజృంభించిన రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి కుర్రవాడొకడు రాత్రివేళ ఏడుస్తూ మా యింటికి వచ్చాడు. వాళ్ళ నాన్న వెంటిలేటర్ మీద వున్నారు. "అంకుల్, నిన్న పద్నాలుగున్న అంకె ఇవాళ పదికి దించారు. ఆశ వదిలేసినట్టేనా?" అన్నాడు.

"కాదు బాబూ" అన్నాను. పీప్ మరీ ఎక్కువైతే గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గి రక్తపోటు పడిపోతుంది. ఆయనకు జరిగిందీ అదే. అందుకే దించారు. అంకె దించటం కూడా వైద్యమే. ఆయన్ను రోజుకు పదహారు గంటలు బోర్లా పడుకోబెట్టారు. వీపువైపు మూసుకుపోయిన గదులు మెల్లగా తెరుచుకున్నాయి. మూడు వారాలకు యింటికి వచ్చారు.

అందరికీ అలా జరుగుతుందని చెప్పలేను. వెంటిలేటర్ జబ్బును నయంచేయదు. మందులు పనిచేసేదాకా, ఒళ్ళు తేరుకునేదాకా వ్యవధి ఇస్తుంది, అంతే. ఆ వ్యవధిలో ఊపిరితిత్తులను గాయపరచకుండా కాపాడటమే మా పని.

మీవాళ్ళకు అటువంటి పరిస్థితి వస్తే రోగి ఎత్తు, పాత జబ్బులు, వాడే మందులు దాచకుండా చెప్పండి. అంకె ఎందుకు పెంచలేదని నిలదీయకండి. ఎందుకు మార్చారని అడగండి, డాక్టరు తప్పక చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, కూర్చున్నా ఆయాసం వస్తున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.