చూసిందా, అనుకున్నదా?

జిల్లా కోర్టులో బెంచి క్లర్కుగా ఉన్నన్నాళ్లూ నా చేతుల మీదుగా వెళ్లిన ఎఫ్ఐఆర్‌లకు లెక్కలేదు. దొంగతనం కేసులో డిఫెన్సు వకీలు ముందు చూసుకునేది రెండే. నేరం ఎప్పుడు జరిగింది, కాగితం మేజిస్ట్రేటు దగ్గరికి ఎప్పుడొచ్చింది? మధ్యలో ఖాళీ కనిపిస్తే ఈలోగా కూచుని కథ అల్లారంటాడు. మొదటి కాగితంలో లేని మాట సాక్షి నోట వినిపిస్తే, అప్పుడెందుకు చెప్పలేదని పట్టుకుంటాడు. పాపం సాక్షి నీళ్లు నములుతాడు. చాలాసార్లు అతను చెప్పేది నిజమే. మొదటి రోజు ఎవరూ నెమ్మదిగా అడిగి రాసుకోలేదు, అంతే.

రిటైరయ్యాక ఆ అనుభవం మా లైనుకు పనికొచ్చింది. మాది గుంటూరు బ్రాడీపేట 4వ లైను. గుంటూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, పక్కనే అరండల్‌పేటలోనూ 4వ లైను ఉంది. పేట, లైను, అడ్డరోడ్డు మూడూ చెబితేనే అది అడ్రసు.

2018 మే నెల. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో ఒకటే మోత. దూలానికి కట్టేసిన మనుషుల ఫొటోలు, ఏ దేశానివో తెలియని వీడియోలు. అలాంటి రోజుల్లో మా లైనులోకి హిందీ మాట్లాడే ఇద్దరు కుర్రాళ్లు దుప్పట్లు అమ్ముకుంటూ వచ్చారు. మిగిలిపోయిన సరుకు సగం ధరకిస్తామంటున్నారు. మండుటెండల్లో గుంటూరులో దుప్పట్లమ్మేవాడు దొంగ కాక ఇంకెవడని మావాళ్ల తర్కం. పది నిమిషాల్లో గుంపు పోగైంది. ఒకడు ఆ మూటలు లాగి రోడ్డు మీద విప్పాడు. ఇంకొకడు 100కి ఫోను చేసి, "నాలుగో లైనులో పిల్లల దొంగల్ని పట్టుకున్నాం, త్వరగా రండి" అని పెట్టేశాడు.

జీపు అరండల్‌పేట వెళ్లింది.

నేను మళ్లీ చేశాను. ముందు పేట, లైను, అడ్డరోడ్డు, మూల మీద మందుల షాపు చెప్పాను. ఫోను మధ్యలో తెగినా ఎక్కడికి రావాలో వాళ్లకు తెలియాలి కదా. ఆ తరవాత నా కంటి ముందున్నది చెప్పాను: "ఇద్దరు మనుషుల్ని ముప్పై మంది చుట్టుముట్టారు. ఒకతనికి పెదవి పగిలింది. కొట్టి చంపేలా ఉన్నారు." పిల్లల దొంగలన్న మాట నేను ఎత్తలేదు. ఏ పిల్లనూ ఎవరూ పట్టుకోవడం నేను చూడలేదు. అవతల ఆపరేటరు ఆయుధాలున్నాయా, మీరెక్కడ నిలబడ్డారు అని అడిగింది. లైను కట్ చేయొద్దంది.

జీపు దిగిన హెడ్డుగారు కాస్త వయసు మళ్లినాయన. లాఠీ కూడా ఎత్తలేదు. "పిల్లల్ని ఎత్తుకెళ్లబోయారని ఎవరు చూశారు? చూసిన వాళ్లు ముందుకు రండి, పేరు రాసుకుంటా" అన్నాడు. ఒక్కరూ కదల్లేదు. "చూసిందా, అనుకున్నదా?" అని మరోసారి అడిగాడు. గుంపు పలచబడింది. ఆ నెలలో ఇలాంటి పుకార్లకే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మనుషుల ప్రాణాలు పోయాయి. అవతల గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి డప్పులతో, పాటలతో ఊరూరా పోలీసుల్ని పంపి, వాట్సాప్‌లో వచ్చిందల్లా నమ్మొద్దని చెప్పించారని పేపర్లో చదివాను. మాకు ఆ ఒక్క ప్రశ్నతో గండం గడిచింది.

మరుసటి జనవరిలో, సంక్రాంతికి, మా పక్కింటి బ్యాంకు ఉద్యోగి కుటుంబంతో రేపల్లె వైపు సొంతూరు వెళ్లాడు. తాళం వేసిన ఇంట్లో పోలీసులే ఉచితంగా కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతి మన రాష్ట్రంలో అప్పటికే ఉంది. ఊరెళ్లేముందు చెబితే చాలు. మూడు రోజులకేనా అని ఆయన చెప్పలేదు. కనుమ పొద్దున్నే పాల కుర్రాడు చూశాడు, గడియ విరిగి వేలాడుతోంది.

వాళ్లు కారు దిగడంతోనే ఆయన భార్య బీరువా వైపు పరుగెత్తబోయింది. "అమ్మా, గుమ్మం దాటకు. తలుపు మీద చెయ్యి వేయకు" అని అడ్డం నిలబడ్డాను. కోపమొచ్చింది, రాదా మరి. క్లూస్ టీం వచ్చి వేలిముద్రలు తీసుకునేదాకా అందరం వరండాలో కూచున్నాం.

ఎదురింటి మామ్మగారికి నిద్ర పట్టదు. రాత్రి రెండు దాటాక ఇద్దరు మనుషులు, సైలెన్సరు మోత మోగే ఒక బండి చూసింది. నంబరులో చివరి రెండు అంకెలు, ఒకడి కుంటినడక ఆవిడకు గుర్తున్నాయి. నోరు మాత్రం విప్పదు. "స్టేషన్‌కి ఈడుస్తార్రా నన్ను, ఈ వయసులో" అంటుంది. ఆడవాళ్లను సాక్ష్యం కోసం వాళ్లుండే చోటు వదిలి రమ్మని పిలవకూడదు, చట్టమే ఆ మాట అంటోంది, పోలీసే మీ గడపలోకి వస్తాడని చెప్పాను. పైగా అలా రాసుకున్న స్టేట్‌మెంటు మీద సంతకం పెట్టించుకోకూడదు కూడా. హెడ్డుగారు వచ్చి, అరుగు మీద కూచుని, మామ్మగారిచ్చిన కాఫీ తాగి, రాసుకుని వెళ్లాడు.

అసలు పేచీ కంప్లైంటు దగ్గర వచ్చింది.

"పనిమనిషే చెప్పుంటుంది అన్నయ్యగారూ. మేం ఊరెళ్తున్నట్టు దానికే తెలుసు. పేరు రాయండి" అంది పక్కింటావిడ.

"పాలవాడికి తెలుసు, పేపరువాడికి తెలుసు, నాకూ తెలుసు. నా పేరు కూడా రాయమంటావా అమ్మా?"

ఇంటికి ఎవరెవరు వచ్చిపోతారని పోలీసులు అడిగితే అందరి పేర్లూ చెప్పాల్సిందే. దాచమని నేననలేదు. కానీ ఫలానా వాళ్ల మీద అనుమానమని కాగితం మీద పెట్టాలంటే, అందుకు కంటితో చూసిందో చెవితో విన్నదో ఒకటుండాలి. ఆవిడ దగ్గర ఉన్నది కోపమే. చివరికి కంప్లైంటులో తాళం ఎప్పుడు వేశారు, తాళంచెవి ఎవరి దగ్గరుంది, గడియ ఎలా విరిగింది అనేవే రాశాం. వాళ్లాయన "కొంత బంగారం, నగదు" అని సరిపెట్టబోతే ఒప్పుకోలేదు. నల్లపూసల గొలుసు ఎన్ని పేటలు, లాకెట్టు మీద ఏముంది, గాజుల బరువెంత, రసీదు ఉందా, పెళ్లి ఫొటోలో కనిపిస్తుందా? ఒక్కో నగా కూచుని రాయించాను. స్టేషన్లో రైటరు ఎఫ్ఐఆర్ చదివి వినిపించాకే సంతకం పెట్టమన్నాను. నకలు ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చారు.

అందరికీ అంత సులువుగా జరగదని తెలుసు. వేరే ఊళ్లో మా బంధువు ఒకాయన్ని, ఇది మా పరిధి కాదంటూ రెండు స్టేషన్ల మధ్య తిప్పారు. విచారించదగ్గ నేరమని తేలితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఎక్కడైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. అక్కడా తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపాలి, ఆ పైన మేజిస్ట్రేటు. ఫోనుకు ఇప్పుడు 112 ఉంది. డబ్బు ఆన్‌లైన్‌లో పోతే మాత్రం ఆలోచించకుండా 1930. ఆ డబ్బు ఖాతాలు దాటిపోకముందే చేయాలి.

పక్కింటి దొంగలు వేసవిలో వేరే జిల్లాలో దొరికారు. ఒకడికి కుంటినడక ఉంది. దొరికిన సొత్తులో నల్లపూసల గొలుసూ రెండు గాజులూ వీళ్లవేనని కాగితం చూడగానే తేలిపోయింది. పిటిషన్ వేసి, బాండు రాసిచ్చి కోర్టు నుంచి తెచ్చుకున్నారు. నగదు సంగతి అడగొద్దు.

పనిమనిషి మాత్రం ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదు. నచ్చజెప్పమని పక్కింటావిడే నన్ను పంపింది. గిన్నెలు తోముతూనే సమాధానం చెప్పింది.

"మీరు కాగితంలో రాయనివ్వలేదంట కదా బాబాయిగారూ. లైనంతా చెప్పుకున్నాక కాగితంలో లేకపోతే ఏముందిలే."