గుత్తి సాలీడు సొంతూరు ఏది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తట్టు తండాల నుంచి వచ్చి ఒకే హాస్టల్ గదిలో ఉండే ముగ్గురం కలిసి రాస్తున్నాం. పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మొన్న జువాలజీలో సాలెపురుగుల వర్గీకరణ చదువుతుంటే ఒకటి కనబడింది. మెరిసే నీలం రంగు. పేరు పోసిలోథీరియా మెటాలికా, వాడుకలో గుత్తి టరాంటులా. గుత్తి అంటే మన ఎర్రగుంట్లలో రైలెక్కితే తాడిపత్రి దాటాక వచ్చే గుత్తే! అక్కడి రైల్వే కలప యార్డులో దొరికిన దానికి 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త పేరు పెట్టాడు. తర్వాత నూరేళ్లు జాడ లేదు. 2001లో మళ్లీ కనబడింది. గుత్తిలో కాదు, నంద్యాల-గిద్దలూరు మధ్య అడవిలో. అది చెట్టు తొర్రల్లో బతికే పురుగు. కట్టెలతో పాటు రైలెక్కి గుత్తిలో దిగినట్టుంది పాపం. ఊరి పేరు మాత్రం అట్లే అంటుకుపోయింది.

దీని కుటుంబం థెరాఫోసిడే. మన ఇంటి మూలల్లో ఉండే సాలీడు కోరలు కత్తెర మాదిరి పక్కల నుంచి కలుస్తాయి. దీనివి గడ్డపార దిగినట్టు పైనుంచి కిందికి దిగుతాయి. పుస్తకాకార ఊపిరితిత్తులు రెండు జతలు. ఈ ప్రజాతిలో ఏ జాతో తేల్చాలంటే కాళ్ల అడుగున ఉండే పట్టీలు చూస్తారు. అంటే తిరగేసి చూడాల్సిందే. యాడ దొరికిందనే దాన్ని బట్టి కుటుంబం మారదు.

కుటుంబం, జాతి అనే మాటలు చదివితే మాకు నవ్వొస్తుంది, మంటా పుడుతుంది. మాలో ఒకడి నాయన పనికి బళ్లారి పోయినప్పుడు వీడు అక్కడ పుట్టినాడు. మన సుగాలీలు ఆంధ్రలో ఎస్టీ. కర్ణాటకలో మనోళ్లే ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతి. మాట్లాడేది అదే గోర్ బోలి, మొక్కేది అదే సేవాలాల్‌కు. సర్టిఫికెట్ కోసం పోతే ఒక ఆఫీసులో "పుట్టింది ఆడ కదా, ఆడే తెచ్చుకోపో" అన్నారు. ఆడ తెచ్చుకుంటే వీడు ఇక్కడ ఎస్టీ కాడు! స్కాలర్‌షిప్ గడువు దగ్గరపడుతుంటే నాలుగుసార్లు తిరిగినాం. ఆఖరికి తాత పేరున్న పాత పట్టా, నాయన బడి టీసీ చూపించినాక ఇచ్చినారు. వాటిని జేజి ట్రంకుపెట్టెలో దాచిపెట్టింది కాబట్టి సరిపోయింది. మీరూ ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

ఆ సాలీడు 2008 నుంచి తీవ్రంగా అంతరించిపోతున్న జాబితాలో ఉంది. దాని నీలం రంగు మీద మోజుతో విదేశాల్లో కొని పెంచుకుంటారు. నల్లమల తట్టు చెంచు అన్నలు, అక్కలు ఎవరన్నా ఉంటే, మీ పెద్దోళ్లు దాన్ని ఏమని పిలుస్తారో కింద రాయండి.