ఐసు పెట్టెకు కిటికీలు

గుడివాడ ఊరి చివర కాలవ పక్కనున్న ఆ షెడ్డులో ఏడాది పొడుగునా జరిగేది ఒకటే పని, చేపలూ రొయ్యలూ మోసే బళ్ళకు పెట్టెలు కట్టడం. పైపులతో ఫ్రేము వేస్తారు. లోపలా బయటా రేకు కొట్టి, నడుమ పఫ్ నురుగు నింపుతారు. తలుపు మూస్తే గాలి చొరకూడదు, లోపలి ఐసు తెల్లారేదాకా నిలవాలి. చుట్టూ చెరువులే కాబట్టి ఈ పనికి కొదవ లేదు. మేం వెళ్ళిన రోజున మాత్రం మేస్త్రీ గ్రైండరు పట్టుకుని ఒక పెట్టెకు కిటికీలు కోస్తున్నారు.

అది ఒంటి ఇరుసు ట్రైలరు. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. పికప్ వెనక తగిలించి ఇన్నాళ్ళూ రొయ్యలు మోయించిన రైతు, ఇప్పుడు దాన్ని ఇంటిల్లిపాదీ రాత్రిపూట పడుకునే బండిగా మార్పిస్తున్నారు. మాఘ పౌర్ణమికి హంసలదీవి, మధ్యలో మోపిదేవి, వీలైతే నాగాయలంక. వాళ్ళ తాతల నాటినుంచీ వెళుతున్న దారే. అప్పట్లో గూడు బండి, తరవాత టార్పాలిన్ కప్పిన ట్రాక్టరు ట్రక్కు. హంసలదీవి సంగమం దగ్గర ఇసకలోనే వంటా, పడకా.

అమెరికాలో ఇలా సామాను ట్రైలరును కొని ఇల్లుగా మార్చుకోవడం పెద్ద వ్యాపకం. వాళ్ళ నమూనాల్లో ముందు కనపడేది గోడల్లో చలి ఆపే దళసరి పొర. రైతు కొడుకు ఫోనులో చూపించిన బొమ్మలన్నీ అలాంటివే. మేస్త్రీ వాటిని ఓపిగ్గా చూసి ఒక్క మాటన్నారు. “చలి మనకెక్కడుందండీ? మనకున్నవి ఉక్క, దోమ, ఉప్పు గాలి. ఈ మూడింటికీ కడదాం.”

ఆ మాటలోనే అసలు విషయమంతా ఉంది. చేపను కాపాడిన గుణమే మనిషికి చేటు. గాలి ఆడని పెట్టెలో నలుగురు పడుకుంటే ఊపిరిలోని చెమ్మ తెల్లవారుజామున రేకు మీద నీటిబొట్లుగా దిగుతుంది, పరుపు తడుస్తుంది, వారం తిరక్కుండా బూజు. అందుకే రెండు పక్కలా ఎదురెదురుగా కిటికీలు, పైన వానకు తడవని గాలి కన్నం, అన్నిటికీ సన్నటి దోమతెర. గూడు బండి కట్టినవాళ్ళకు ఇది బాగా తెలుసు. ఆ చాప గూటికి ముందూ వెనకా తెరిచే ఉండేది, ఎద్దులు నడుస్తుంటే గాలి ఆరపారా పోయేది. పఫ్‌ను మాత్రం గోడల్లో, కప్పులో అలాగే ఉంచేశారు. మిట్టమధ్యాహ్నం రేకు వేడి లోపలికి దిగకుండా అది ఇప్పటికీ పనికొస్తుంది.

ఏసీ సంగతి వచ్చింది. లెక్క కట్టి చూస్తే వద్దనిపిస్తుంది. 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో నిలవుండేది 1,280 వాట్ అవర్లు. టన్ను ఏసీ నడిస్తే గంటకు సుమారు వెయ్యి లాగుతుంది. అంటే గంట పైచిలుకులో చీకటే. అదే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగినా అయ్యేది 560. దీపాలు, ఫోన్ల చార్జింగు కలుపుకున్నా తెల్లారేసరికి బ్యాటరీలో మూడోవంతుకు పైగా మిగులుతుంది. పగలు కప్పు మీది సోలార్ పలక దాన్ని మళ్ళీ నింపుతుంది. ఫ్రిజ్ బదులు ఐసు డబ్బా. ఐసు ఫ్యాక్టరీలున్న సీమలో ఇంతకన్నా సుళువైన దారి లేదు.

పొయ్యిని మేస్త్రీ లోపల పెట్టనివ్వలేదు, అది నాకు అన్నిటికన్నా నచ్చింది. గ్యాసు గాలికన్నా బరువు, లీకయితే నేలబారున పేరుకుంటుంది. మూసిన గదిలో మంట మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసనే ఉండదు. వెనక తలుపు పక్కన మడిచే చెక్క ఒకటి బిగించారు. వంట దాని మీదే, టార్పాలిన్ నీడలో, ఆరుబయట.

హంసలదీవి ఉన్న దివిసీమ కొసన నేల నీళ్ళు ఉప్పన. తాగే నీళ్ళు వెంట మోసుకెళ్ళాల్సిందే. వంద లీటర్లంటే వంద కిలోలు. ఆ ట్యాంకును ఎక్కడ పెడతారన్న దాన్నిబట్టే బండి నడక. వెయ్యి కిలోల ట్రైలరయితే హుక్కు మీద వంద నుంచి నూట యాభై కిలోల బరువు పడాలి. అంతకన్నా తగ్గితే జోరు మీద వెనక భాగం అటూ ఇటూ ఊగి, లాగే బండినే రోడ్డు మీదినుంచి ఈడ్చేస్తుంది. అందుకని ట్యాంకును ఇరుసుకు కాస్త ముందు, నేల మట్టంలో అమర్చారు. మంచాల కింద ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్. మామూలు ప్లై బందరు గాలికి పొరలుగా ఊడిపోతుందని మేస్త్రీ అనుభవం. వెల్డింగు అతుకులకు జింకు ప్రైమరు, నట్లూ బోల్టులూ స్టెయిన్‌లెస్.

మొదటి ప్రయాణం దివిసీమకు కాదు, బందరు (మచిలీపట్నం) పక్కనున్న మంగినపూడికే. దగ్గర్లో ఉంది కాబట్టి పరీక్షకు పనికొస్తుంది. అక్కడ తీరం నల్లమట్టి, తడిస్తే చక్రం దిగబడుతుంది, కాబట్టి రోడ్డంచు దాటి దించకూడదు. కార్తీక పౌర్ణమి స్నానాలకు జనం పోటెత్తేదీ అక్కడే, కానీ ఆ రోజులు తుఫాన్ల కాలం. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ సంగతి రైతు ఇంట్లో అందరికీ తెలుసు. బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరేశారంటే ప్రయాణం మానుకోవడమేనని రైతు ముందే తేల్చారు. ఫిబ్రవరి నాటికి ఆ భయం ఉండదు. మాఘ పౌర్ణమిని పెద్దలు ఎంచుకోవడంలో వాతావరణం పాలు కూడా ఉందేమో.

ఒక విషయంలో మాత్రం రాజీ లేదు. బండి కదులుతున్నప్పుడు ట్రైలరులో మనుషులు కూచోకూడదు. పండగలకు ట్రాక్టరు ట్రక్కుల్లో కిక్కిరిసి వెళ్ళే అలవాటు మనకు ఎన్ని ఇళ్ళను పాడుచేసిందో ఏటా వార్తల్లో చదువుతూనే ఉన్నాం. కాగితాల విషయంలోనూ అంతే. మోటారు వాహనాల చట్టం ట్రైలరును కూడా వాహనంగానే లెక్కగడుతుంది. దానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రైతు కాగితాలు పట్టుకుని రవాణా శాఖ ఆఫీసుకు వెళ్ళొచ్చాకే గ్రైండరు మోగింది.

ఇక మిగిలినవి బ్రేకు దీపాల వైరింగు, కాటా మీద తూకం. నీళ్ళు నింపి, పరుపులూ సామానూ ఎక్కించి, వడ్ల లారీలు తూచే కాటా మీదికి తీసుకెళ్ళి మొత్తం బరువు చూడాలి. హుక్కు బరువు విడిగా చూడాలి. ఈలోగా రైతు తల్లి వచ్చి పెట్టెను చుట్టూ చూసి, కాలెత్తి గుమ్మం ఎత్తు కొలుచుకున్నారు. “ఇంతెత్తు నేనెక్కలేను నాయనా, మెట్టు వెయ్యి” అన్నారు. “ఒకటి కాదు పెద్దమ్మగారూ, రెండేస్తాను, పట్టుకోడానికి కడ్డీ కూడా పెడతాను” అంటూ మేస్త్రీ సుద్దముక్కతో రేకు మీద గుర్తు పెట్టారు.