సరిహద్దు మీది ఊరు, ఆదివారపు ఆట

ఐర్లాండు దేశములో క్యావన్ పట్టణము నుండి క్లోనిస్ అను చిన్న ఊరికి వెళ్లే రోడ్డు ఒక వింత రోడ్డు. పది కిలోమీటర్లలోనే అది నాలుగు సార్లు దేశ సరిహద్దును దాటుతుంది. కాసేపు ఐర్లాండు రిపబ్లిక్కు, కాసేపు బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర ఐర్లాండు. గేటు లేదు, కాపలా లేదు. రోడ్డు పక్కన బోర్డులు కిలోమీటర్ల నుండి మైళ్లలోకి మారితే దేశము మారిందని తెలుసుకోవాలి. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. అల్లర్ల కాలములో ఈ ప్రాంతపు పల్లె దారులెన్నో సైన్యము మూసివేసింది. ఎదుట కనిపించే పొలానికి చుట్టు తిరిగి పోవలసి వచ్చేదట.

2024 మే 12, ఆదివారము ఉదయపు ఆరాధన ముగించుకొని, మేమిద్దరము ఆ దారిన వెళ్లాము. మా మేనకోడలు క్యావన్‌లో నర్సు. "మామయ్యా, ఇక్కడి మనుషులను చూడాలంటే గుళ్లూ కోటలూ కాదు, అల్‌స్టర్ ఫైనల్ చూడాలి" అని పట్టుబట్టింది. ఆమె పొరుగున ఉండే ఒక పెద్దాయన, పశువులు పెంచుకొనే రైతు, మమ్మును తన కారులో తీసుకొని వెళ్లాడు. ఆదివారము నాడు ఆట అనగానే మా మనస్సు కొంచెము వెనుకాడిన మాట నిజమే. అక్కడి ప్రొటెస్టెంటు పల్లె కుటుంబములు కూడా తరతరములుగా ఈ మైదానములకు దూరముగా ఉండుటకు ఇది ఒక కారణమని ఆయన చెప్పాడు.

ఆట పేరు గేలిక్ ఫుట్‌బాల్. జట్టుకు పదిహేనుమంది. బంతిని చేత పట్టవచ్చు, కాలితో తన్నవచ్చు. గోలు స్తంభాలు నిలువుగా పైకి లేచి ఉంటాయి. మేము చూచిన నాటి నియమము ప్రకారము బంతి అడ్డకర్ర మీదుగా పోతే ఒక పాయింటు, కిందుగా వలలో పడితే మూడు. ఇంతవరకే చెప్పి ఊరుకుంటాము, మిగిలినది చూచి తెలుసుకోవలసినదే.

మమ్మును ఆశ్చర్యపరచినది ఆటగాళ్ల జీతము. అసలు జీతమే లేదు! ఉపాధ్యాయులు, రైతులు, వడ్రంగులు, విద్యార్థులు పగలు పని చేసుకొని సాయంత్రము సాధనకు వస్తారు. సాధారణముగా ఎవరి కౌంటీకి వారే ఆడాలి, డబ్బిచ్చి పక్క కౌంటీ వానిని కొనుక్కొనే పద్ధతి లేదు. కౌంటీ జట్టుకు కింద ఊరి క్లబ్బులు ఉంటాయి. ఆ క్లబ్బుల ఎల్లలు చాలా చోట్ల రోమన్ కేతలిక్ పారిష్ ఎల్లలే. మన పాస్టరేటులోని గ్రామములు తమ తమ పిల్లలను ఒక్క జట్టుగా పంపినట్లు అనుకోండి.

అల్‌స్టర్ అనేది తొమ్మిది కౌంటీల రాష్ట్రము. అందులో ఆరు ఉత్తర ఐర్లాండులో, క్యావన్, మొనహన్, డోనెగాల్ రిపబ్లిక్కులో. 1920ల నాడు దేశము రెండైనా ఈ పోటీ మాత్రము రెండు కాలేదు. గెలిచిన వారికి ఇచ్చే ఆంగ్లో సెల్ట్ కప్పు క్యావన్ పట్టణపు వార్తాపత్రిక ఇచ్చినది. ఈ మధ్య కొందరు, ఓడిన జట్టుకు దేశస్థాయి పోటీలో ఎలాగూ ఇంకొక అవకాశము ఉన్నది గనుక రాష్ట్రపు పోటీ ఎందుకు అంటున్నారు. లెన్‌స్టర్ రాష్ట్రములో డబ్లిన్ జట్టే 2011 నుండి 2024 వరకు పద్నాలుగు సార్లు వరుసగా గెలిచింది. అక్కడ ఆ మాట చెల్లవచ్చు. క్లోనిస్ వీధిలో ఒక గంట నిలబడిన వాడు మాత్రము అలా అనడు.

క్లోనిస్ రెండు వేల జనాభా కూడా లేని ఊరు. ఆరవ శతాబ్దములో టియర్నాక్ అను భక్తుడు అక్కడ మఠము స్థాపించాడు. మైదానము పేరు కూడా ఆయన పేరే. నడి ఊళ్లో కూడలి, అక్కడ చెక్కిన పాత రాతి సిలువ, పైన చర్చ్ ఆఫ్ ఐర్లాండు వారి ఆలయము. ఒకనాడు ఇది రైళ్లు కలిసే జంక్షను. సరిహద్దు పడిన తరువాత వ్యాపారము తగ్గింది, 1950లలో రైలు ఆగిపోయింది. ఆ చిన్న ఊరిలోకి ఆ రోజు ఇరవై ఎనిమిది వేల మంది వచ్చారు. డోనెగాల్ వారివి ఆకుపచ్చ, బంగారు రంగులు. అర్మా వారిది నారింజ. ఇదొక చమత్కారము. అల్‌స్టర్‌లో నారింజ ప్రొటెస్టెంటుల ఆరెంజి సంఘము వారి రంగు. ఆ సంఘము 1795లో పుట్టినది కూడా అర్మా కౌంటీలోనే. అదే రంగు చొక్కా తొడిగి కేతలిక్ పిల్లలు ఆడుతుంటే అడిగే వారే లేరు.

ఆట గురించి ఏమని చెప్పము? అదనపు సమయము కూడా అయిన తరువాత ఇరవై పాయింట్లకు ఇరవై. పెనాల్టీ తన్నులలో డోనెగాల్ ఆరు, అర్మా అయిదు. అర్మా వారు 2023లో ఇదే మైదానములో ఇదే విధముగా డెర్రీ చేతిలో ఓడారు. మా ముందు వరుసలో నారింజ చొక్కాల తండ్రీ కొడుకులున్నారు. కొడుకుకు పదేళ్లుంటాయి. గెలిచిన వారు మైదానములోనికి పరుగెత్తుచుండగా ఆ తండ్రి మాట్లాడలేదు, కొడుకు కోటు బొత్తాములు ఒక్కొక్కటే పెట్టాడు. చాలాసేపు పెట్టాడు.

తిరుగు దారిలో పెద్దాయన తన సంగతి చెప్పాడు. ఆయనది క్యావన్. అల్‌స్టర్ కప్పు అందరికంటె ఎక్కువ సార్లు గెలిచిన కౌంటీ. అయినా 1997 తరువాత ఇరవై మూడేళ్లు గెలుపు లేదు. చివరకు 2020 నవంబరు 22న అర్మా పట్టణములో డోనెగాల్‌ను ఓడించారు. కరోనా కాలము గనుక ప్రేక్షకులను రానివ్వలేదు. "ఇరవై మూడేళ్లు ప్రతి ఆటకూ వెళ్లాను, ఆ ఒక్కటి టీవీలో చూశాను" అన్నాడు. ఫిర్యాదు చేసినట్లు కాదు, వర్షము సంగతి చెప్పినట్లు చెప్పాడు. ఆ దినమే దక్షిణాన టిప్పరరీ 1935 తరువాత తొలిసారి తన రాష్ట్రపు కప్పు గెలిచిందట. ఆ స్టేడియము కూడా ఖాళీయే.

మన పాఠకులకు ఇంకొక సంగతి. దేశస్థాయిలో గెలిచిన వారికి ఇచ్చే కప్పు సామ్ మగ్వైర్ పేరున ఉన్నది. ఆయన కార్క్ కౌంటీ డన్మన్వే ఊరి రైతు కుటుంబపు ప్రొటెస్టెంటు. 1927లో మరణించగా అక్కడి చర్చ్ ఆఫ్ ఐర్లాండు సమాధుల దొడ్డిలో పాతిపెట్టారు.

మేము ఇంటికి చేరిన తరువాత జూలై 28 రాత్రి మా మేనకోడలు ఫోను చేసింది. క్లోనిస్‌లో ఓడిన అర్మా వారే డబ్లిన్‌లో గాల్వేను ఒక్క పాయింటు తేడాతో ఓడించి ఆ కప్పు ఎత్తారు. 2002 తరువాత అదే మొదటిసారి. మాకు ఆ పిల్లవాడు గుర్తుకు వచ్చాడు.

2025 మే 10న మళ్లీ క్లోనిస్, మళ్లీ డోనెగాల్, అర్మా. ఈసారి శనివారము. దేశ విజేతలై వచ్చిన అర్మా వారు అదనపు సమయములో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. పెద్దాయన ఆ రోజు కూడా వెళ్లాడట, పొద్దున్నే పశువులకు మేత వేసి.