నా పుల్ల ఏదిరా

ముంబై ధారావిలో ర్యాప్ రాసే కుర్రాళ్లకు బీట్లు కట్టిచ్చే రోజుల్లో నేనొక పెద్ద తప్పు చేశాను. ఇప్పటి పిల్లలూ అదే చేస్తున్నారు కాబట్టి దాచకుండా చెబుతున్నా.

కామాఠీపురాలో మా బంధువుల చాలీలో ఒక పెద్దనాన్న ఉండేవాడు. బోనాలప్పుడు ఆయన డప్పు పట్టాడంటే గల్లీ అంతా కదిలేది. ఆ దరువును ఫోన్‌లో రికార్డు చేసుకుని, కొంత ముక్క కోసి, లూప్ చేశాను. ఆయన్ని అడగలేదు. పాటలో బీటు నాదని పేరు వేసుకున్నా. అంతటితో ఆగలేదు. ప్రతి దెబ్బనూ సాఫ్ట్‌వేర్ గడుల్లోకి లాగి సరిగ్గా కూర్చోబెట్టా. డప్పు వాయించే రెండు పుల్లల్లో కుడిచేతి సిర్ర దెబ్బలు ఉంచి, ఎడమచేతి సిటికెన పుల్ల సన్నటి చప్పుళ్లను గోల అనుకుని చెరిపేశా.

పాట విని పెద్దనాన్న ఒక్కటే అడిగాడు: "నా పుల్ల ఏదిరా?"

సిగ్గేసింది. నేను నేర్చుకున్న పని పుట్టిందే అలాంటి చేతుల నుంచి. 1970ల్లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్, పాటలో మిగతా వాద్యాలు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే చోటు, అంటే బ్రేకు, పట్టుకుని, ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టి దాన్నే సాగదీశాడు. హిప్‌హాప్ ఆ బ్రేకుల మీద నిలబడింది. జేమ్స్ బ్రౌన్ పాట 'ఫంకీ డ్రమ్మర్'లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన బ్రేకు వందల పాటల్లోకి వెళ్లింది. పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందం 1989 నాటి పాట 'ఫైట్ ద పవర్'లోనూ అదుంది. ఆ బ్రేకు ప్రాణమంతా స్నేర్ డ్రమ్ మీద స్టబుల్‌ఫీల్డ్ వినీవినపడనట్టు తాకించిన చిన్న దెబ్బల్లోనే ఉంది. నేను పెద్దనాన్న డప్పులో చెరిపేసింది సరిగ్గా వాటినే. పాట రాసినవాడిగా జేమ్స్ బ్రౌన్ పేరే ఉండటంతో స్టబుల్‌ఫీల్డ్‌కు రాయల్టీ దక్కలేదు. ఆయన 2017లో పోయాడు. 1969 నాటి పాట 'ఆమెన్, బ్రదర్'లో కొన్ని సెకన్ల బ్రేకు వాయించిన జి.సి. కోల్‌మన్ పరిస్థితి మరీ ఘోరం. ప్రపంచమంతా దాన్ని వాడుకుంది. ఆయనకు పైసా రాలేదు. 2006లో నిలువ నీడ లేకుండా చనిపోయాడు.

ఆ అన్యాయం గురించి చదివి బాధపడ్డవాణ్ణే, మా చాలీలో అదే చేశాను.

పాట వెనక్కి తీసుకున్నా. పెద్దనాన్న ఒప్పుకున్నాక, పుల్ల చప్పుళ్లు చెరపకుండా, తడబడినట్టుండే ఆ నడక అలాగే ఉంచి మళ్లీ కట్టా. డప్పు దగ్గర ఆయన పేరు వేశా, వచ్చిన డబ్బులో వాటా ఇచ్చా.

మన దేశంలో కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వాయించినవాళ్లకు తమ పేరు వేయమని అడిగే హక్కు ఇచ్చింది. వాళ్లు అడిగేదాకా ఆగకండి. రికార్డు బటన్ నొక్కే ముందే పేరు రాసుకోండి, వాటా మాట్లాడుకోండి.